హోం థియేటర్‌కి పవర్ కండిషనర్ కొనేముందు ఎర్తు చూశారా?

ఇవాళ్టి ఎపిసోడ్‌కి కారణం కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు పంపిన మెసేజ్. ఉన్నది ఉన్నట్టు చదువుతాను. "అన్నా, కొత్తగా 5.1 సెట్ పెట్టిన. షాపాయన 18 వేలు పెట్టి పవర్ కండిషనర్ తీస్కోమంటున్నడు. అది ఉంటే సౌండు క్లియర్ అయితదంట, టీవీ ఎన్నటికీ కాలదంట. తీస్కోవాల్నా వద్దా?"

ఇలాంటి ప్రశ్నలు నాకు చాలా వస్తాయి. కానీ ఇది చదవగానే కాస్త ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట నాకూ ఒకాయన చెప్పాడు. నేను నమ్మి కొన్నాను. ఆ డబ్బా మా ఇంట్లో నిప్పంటించబోయింది. టీవీ పోవడం తర్వాత సంగతి. కాబట్టి ముందు ఆ కథ చెప్తాను, కొనాలా వద్దా అన్నది దాన్నుంచే తేలుతుంది.

మా అమ్మానాన్నలు ఉండేది గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరు. నాన్న రిటైరయ్యాక ఇంట్లో సినిమాలు బాగా చూస్తున్నారని, 55 అంగుళాల టీవీ, ఒక ఏవీ రిసీవర్, ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కొనిపెట్టాను. ఊళ్ళో కరెంటు సంగతి తెలుసు కదా, అందుకని జాగ్రత్తగా ఉందామని ఒక పవర్ కండిషనర్ కూడా కొన్నాను. నల్లటి మెటల్ డబ్బా, ముందర నీలం లైటు, వెనక ఎనిమిది సాకెట్లు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది. "ఇది పెట్టాక మీకు బెంగ లేదు సార్" అన్నాడు అమ్మినాయన. నిజంగానే బెంగ వదిలేశాను, అదే నేను చేసిన తప్పు.

మే నెల. సాయంత్రం ఈదురుగాలి, వాన. కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. వచ్చిన కరెంటు మామూలుగా లేదు. అమ్మ మాటల్లో చెప్పాలంటే "ఇల్లంతా పెళ్ళి పందిరిలా వెలిగిపోయిందిరా." ట్యూబులైట్లు, బల్బులు అంత కాంతితో వెలిగాయి. ఫ్యాను విమానంలా తిరిగింది. అమ్మకి అనుమానం వచ్చేలోపే ఒక బల్బు టప్‌మంది, ఇంకోటి టప్‌మంది. ముందు గదిలోంచి ప్లాస్టిక్ కాలిన వాసన. వెళ్ళి చూస్తే టీవీ వెనకాల, కర్టెన్‌కి జానెడు దూరంలో, ఆ నల్ల డబ్బాలోంచి పొగ.

అమ్మ ఏం ఆలోచించకుండా పరుగెత్తి మెయిన్ ఆపేసింది. ఆమె చదువుకున్నది ఏడో తరగతి వరకు. ఆ రోజు మా ఇంట్లో పనిచేసిన రక్షణ పరికరం అమ్మ ఒక్కతే.

టీవీ పోయింది. రిసీవర్ పోయింది. ఫ్రిజ్ స్టెబిలైజర్ తనని తాను బలిచ్చుకుని ఫ్రిజ్‌ని కాపాడింది. వింతేమిటంటే, అదే సమయంలో పక్కింట్లో లైట్లు మిణుకుమిణుకుమంటూ గుడ్డి దీపాల్లా ఉన్నాయట. వాళ్ళకి ఏమీ పోలేదు. ఒకే స్తంభం, ఒకే వీధి, మాకు అంత ఎక్కువ, వాళ్ళకి అంత తక్కువ! మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి పైకి చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "న్యూట్రల్ తెగిపోయిందండి."

ఈ ఒక్క ముక్క అర్థమైతే మీకు ఈ ఎపిసోడ్ సగం అర్థమైనట్టే. అందుకని ఇక్కడ కాస్త ఆగుదాం.

మన వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చేది మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య కొలిస్తే మాత్రం 400 వోల్టులు. మీ ఇంటికి ఒక ఫేజు, పక్కింటికి ఇంకో ఫేజు వస్తుంది. న్యూట్రల్ మాత్రం అందరికీ ఉమ్మడిది. ఆ ఉమ్మడి తీగ బాగున్నంత కాలం ఎవరి 230 వాళ్ళకుంటుంది. అది తెగిందో, జాయింటు వదులైందో, అప్పుడు మీ ఇల్లూ పక్కిల్లూ కలిసి ఆ 400 వోల్టులకి అడ్డంగా వేలాడుతున్నట్టు లెక్క. 400ని ఇద్దరూ పంచుకోవాలి. సగం సగం పంచుకోరు. త్రాసులో తేలిక పళ్ళెం పైకి లేస్తుంది చూడండి, అచ్చం అలాగే, తక్కువ లోడున్న ఇంటికి వోల్టేజి పైకి లేస్తుంది, ఎక్కువ లోడున్న ఇంటికి కిందికి దిగుతుంది. పక్కింట్లో ఏసీ ఆన్ అయ్యుంది. మా ఇంట్లో రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు. తేలిక పళ్ళెం మాదే. 350, 380 ఎంతైనా వచ్చి ఉండొచ్చు.

ఇప్పుడు టీవీ లోపల ఏం జరుగుతుందో చూడండి. వచ్చిన ఏసీ కరెంటుని టీవీ ముందు డీసీగా మార్చి ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుకుంటుంది. 230 వోల్టులు వస్తే ఆ కెపాసిటర్ మీద దాదాపు 325 ఉంటుంది. ఆ కెపాసిటర్ సాధారణంగా 400 లేదా 450 వోల్టులకి తట్టుకునేది పెడతారు. బయట 380 వచ్చిందనుకోండి, లోపల 537. ఇంక అది ఉబ్బి పేలకుండా ఎలా ఉంటుంది? రిమోట్‌తో ఆఫ్ చేసి ఉన్నా అంతే, స్టాండ్‌బైలో కూడా ఆ కెపాసిటర్ కరెంటులోనే ఉంటుంది.

మరి ఆ నల్ల డబ్బా ఏం చేసింది? అది కాలింది, నిజమే. కానీ పక్కవాళ్ళని కాపాడకుండా కాలింది. ఎందుకో చెప్తాను.

"పవర్ కండిషనర్" అన్న మాటకి అర్థం ఇదీ అని గీత గీసి ఎవరూ చెప్పలేదు. నాలుగు రకాల పనుల్లో ఏ ఒక్కటి చేసినా ఆ పేరు పెట్టి అమ్మేస్తారు. సర్జ్ ఆపడం ఒక పని. కరెంటులో వచ్చే చిన్న చిన్న గోలని వడకట్టడం ఒక పని. వోల్టేజిని 230 దగ్గర నిలబెట్టడం ఇంకో పని. కరెంటు పోతే బ్యాటరీ మీద నడపడం నాలుగోది. మార్కెట్లో కనిపించే ఎక్కువ డబ్బాల్లో ఉండేది మొదటి రెండే. మూత విప్పితే నాలుగైదు రంగు బిళ్ళలు, ఒక రెండు కాయిళ్ళు, కొన్ని కెపాసిటర్లు కనిపిస్తాయి, అంతే. నీలం లైటు మాత్రం బాగుంటుంది.

ఆ రంగు బిళ్ళల పేరు ఎంఓవీ. మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్. మామూలు వోల్టేజి దగ్గర అది నిద్రపోతూ ఉంటుంది. హఠాత్తుగా వేల వోల్టుల సర్జ్ వస్తే మేలుకుని దాన్ని తన మీదుగా పక్కకి మళ్ళించేస్తుంది. పిడుగు ఎక్కడో పడ్డప్పుడు లైన్లోకి వచ్చే సర్జ్ ఇలాంటిదే. చాలా మంచి పరికరం, నేనేం తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ దాని పని మైక్రోసెకన్లలో అయిపోవాలి. సెకనులో పది లక్షల వంతుల లెక్క అది. న్యూట్రల్ తెగినప్పుడు వచ్చే 380 వోల్టులు నిమిషాల తరబడి ఉంటుంది. ఎంఓవీ దాన్ని కూడా సర్జే అనుకుని మళ్ళించడం మొదలుపెడుతుంది, వేడెక్కుతుంది, ఇంకా వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. గుమ్మం ముందు నీళ్ళు తోడడానికి చెంబు పట్టుకుని కూర్చున్నవాడి మీదకి కాలవ తెగి వచ్చినట్టు. మంచి డబ్బాల్లో ఎంఓవీ పక్కనే ఒక థర్మల్ ఫ్యూజ్ పెడతారు. అది వేడెక్కగానే తెగిపోతుంది, మంట రాదు. నేను కొన్నదాంట్లో అది లేదు. మూత విప్పిన రోజున తెలిసింది.

ఇంకో విషయం, ఎంఓవీ అరుగుతుంది. ప్రతి సర్జ్‌కీ కొంచెం కొంచెం. డబ్బా మీద ఇన్ని జౌల్స్ అని రాస్తారు కదా, అది ఒక రకంగా దాని ఆయుష్షు. ఐదారేళ్ళ కిందట కొన్న సర్జ్ బాక్సు ఇంకా కాపాడుతోందని మీరనుకుంటున్నారు, లోపల బిళ్ళ ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు. మంచివాటిలో "ప్రొటెక్టెడ్" అని ఒక చిన్న లైటు ఉంటుంది, అది ఆరిపోతే పారేసి కొత్తది కొనాలి. ఆ లైటు ఏ లైటో తెలుసుకోండి. మామూలు పవర్ ఇండికేటర్‌ని చూసి సంబరపడొద్దు.

ఇక్కడ అమెరికా నుంచి వచ్చే డబ్బాల గురించి ఒక మాట. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మేనమామ తిరిగొస్తూ తన హోం థియేటర్ కండిషనర్ మనకి ఇచ్చేసి వెళ్తాడు. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది, అక్కడ దానికి పెట్టిన ఖరీదు కూడా ఎక్కువే. కానీ అది 120 వోల్టులకి చేసినది. దాంట్లో ఎంఓవీలు 150 వోల్టుల దగ్గరే మేలుకునేలా పెడతారు. మన 230లో పెట్టిన క్షణంలో వాటికి అది ఎప్పటికీ ఆగని సర్జ్. పొగ గ్యారంటీ. పిన్ను మార్చే అడాప్టర్ పెట్టినంత మాత్రాన వోల్టేజి మారదు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు కదా అంటారా, అప్పుడు దాని వెనక పెట్టే మన 230 వోల్టుల రిసీవర్ పనిచేయదు. ఆ డబ్బాని అటక మీద పెట్టండి. మేనమామ వచ్చినప్పుడు కిందికి దించి చూపించండి.

సరే, మా కథలో అసలు ముడి ఇప్పుడు చెప్తాను. డబ్బాకి వారంటీ ఉంది. "దీనికి తగిలించిన పరికరాలు పోతే మేం ఇస్తాం" అని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఫోన్ చేశాను. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "సార్, మీ సాకెట్‌లో ఎర్తింగ్ ఉందా?" ఉందనే అన్నాను. మూడు కన్నాల సాకెట్ కదా, ఉండకుండా ఎలా ఉంటుంది? టెక్నీషియన్ వచ్చాడు, మీటర్ పెట్టాడు, ఫొటో తీసుకున్నాడు, క్లెయిమ్ రిజెక్ట్ చేశారు. మా ఎలక్ట్రీషియన్ ఆ సాకెట్ విప్పి చూపించాడు. పైన లావుపాటి కన్నం వెనక టెర్మినల్‌కి వైరే లేదు. దుమ్ము, ఒక సాలెగూడు. "అది అలంకారానికేనండి" అన్నాడు. ఇల్లు కట్టి 22 ఏళ్ళు. 22 ఏళ్ళుగా అలంకారానికే ఉంది.

కంపెనీ మీద నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ కొంచెం ఉంది. థర్మల్ ఫ్యూజ్ పెట్టనందుకు. కానీ ఎర్తు విషయంలో వాళ్ళు అడిగింది న్యాయమే. ఎంఓవీ సర్జ్‌ని పక్కకి మళ్ళిస్తుందన్నాను కదా, పక్కకంటే ఎక్కడికి? కొంత న్యూట్రల్‌కి, మిగతాది ఎర్తుకి. ఎర్తే లేకపోతే సగం బిళ్ళలకి పోవడానికి దారే లేదు. పైగా ఒక పరికరం మెటల్ బాడీలోంచి హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా ఇంకో పరికరంలోకి దారి వెతుక్కుంటుంది.

కాబట్టి 18 వేలు తీసే ముందు ఒక మల్టీమీటర్ చాలు. ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, మీకు అలవాటు లేకపోతే సాకెట్ కన్నాల్లో మీరు చేతులు పెట్టొద్దు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత? 230 చుట్టుపక్కల రావాలి. మన దగ్గర సరఫరా నిబంధన ప్రకారం అటూ ఇటూ 6 శాతం, అంటే సుమారు 216 నుంచి 244 దాకా. ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఎంత? దాదాపు అంతే రావాలి. 90, 110 అంటూ ఊగుతుంటే ఎర్తు గాల్లో ఉన్నట్టు. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఎంత? ఇంట్లో కాస్త లోడు నడుస్తుండగా కొలిస్తే రెండు మూడు వోల్టులు దాటకూడదు.

ఇక్కడ ఒక మోసం ఉంది. కొందరు పనివాళ్ళు ఎర్తు వైరు లాగడం బద్ధకమై, సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకి చిన్న వైరు ముక్క కలిపేస్తారు. మీటర్ పెడితే లెక్కలన్నీ ముచ్చటగా ఉంటాయి. ఎంత లోడు పెట్టినా న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య సున్నా అంటే సున్నా. అలా వస్తే అనుమానించండి, సాకెట్ విప్పించి కళ్ళతో చూడండి. ఎందుకంటే అలాంటి ఇంట్లో న్యూట్రల్ తెగిన రోజున మీ రిసీవర్ మెటల్ బాడీకి, వాషింగ్ మెషీన్ బాడీకి, ఫ్రిజ్ తలుపుకి నేరుగా ఫేజు వచ్చేస్తుంది. దానివల్ల పోయేది టీవీ ఒక్కటే కాదు.

ఎర్తు ఉన్నా అది బతికుందా అని చూడాలి. పాత పద్ధతిలో గొయ్యి తవ్వి, జీఐ పైపు పెట్టి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చేవాళ్ళు. ఎండాకాలం దాంట్లో అప్పుడప్పుడు నీళ్ళు పొయ్యాలి. మా ఇంట్లో ఆ గొయ్యి మీద నాన్న తులసి కోట కట్టించారు. పుణ్యం సంగతేమో గానీ రోజూ నీళ్ళు పడుతున్నందువల్ల అది బాగానే పనిచేస్తోందని మీటర్ చెప్పింది! తేడా అల్లా అక్కడి నుంచి ముందు గది సాకెట్‌కి వైరు లేకపోవడమే. ఆ వైరు లాగడానికి మాకు అయిన ఖర్చు కూలితో కలిపి 1,400 రూపాయలు.

ఎర్తు గురించి ఇంకొక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే హోం థియేటర్ వాళ్ళే ఎక్కువగా చేసే తప్పు ఇది. సబ్‌వూఫర్‌లోంచో స్పీకర్లలోంచో "మ్‌మ్‌మ్" అని ఒక మూలుగు వస్తుంటుంది. నెట్‌లో ఎవడో చెప్తాడు, ఎర్తు పిన్ను పీకెయ్, పోతుంది అని. పీకితే నిజంగానే పోతుంది. దానితో పాటు మీ రక్షణ కూడా పోతుంది. దయచేసి చెయ్యొద్దు. ఆ మూలుగుకి కారణం చాలాసార్లు సెట్ టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ టీవీ తీగ. అది వీధిలో ఎక్కడో ఒక ఎర్తు తెచ్చుకుంటుంది, మీ ఇంట్లో ఇంకో ఎర్తు, రెండిటి మధ్యా చిన్న కరెంటు తిరుగుతుంటుంది. ఆ కేబుల్‌ని బాక్స్ నుంచి ఊడదీసి చూడండి. మూలుగు ఆగిందా, దొంగ దొరికినట్టే. ఆ తీగకి పెట్టే చిన్న ఐసోలేటర్ దొరుకుతుంది, అది తగిలించండి. పరికరాలన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. వేల రూపాయల కండిషనర్ పెట్టినా ఈ రకం మూలుగు పోదు, ఎందుకంటే అది కరెంటు ప్లగ్గులోంచి రావడం లేదు.

సౌండు క్లియర్ అవుతుందా? షాపాయన ఆ తమ్ముడికి చెప్పిన మొదటి మాట అదే కదా. నా అనుభవంలో చెప్తున్నాను. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు స్పీకర్‌లో "టిక్" అనడం, మిక్సీ వేస్తే బరబర రావడం, ఇలాంటివి ఫిల్టరున్న డబ్బాతో కొంత తగ్గుతాయి. అదీ మీ ఇంట్లో ఆ సమస్య ఉంటేనే. కానీ టీవీలో నలుపు ఇంకా నల్లగా కనిపిస్తుంది, గొంతులు ఇంకా తేటగా వినిపిస్తాయి, ఇవన్నీ నాకు ఒక్కసారి కూడా తేడాగా తెలియలేదు. నాన్నని కూర్చోబెట్టి, చెప్పకుండా డబ్బా తీసి, పెట్టి, తీసి చూశాను. "ఎందుకురా మాటిమాటికీ ఆపుతావు, సినిమా చూడనీ" అన్నారు. అదే నా టెస్ట్ రిపోర్ట్.

మరైతే ఏం కొనాలి? మీ ఇంటి జబ్బుని బట్టి మందు. నేను ఊళ్ళో చివరికి ఏం పెట్టానో చెప్తాను.

ముందు మెయిన్ బోర్డులోనే ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ అని ఒకటి పెట్టించాను. ఎంసీబీ పక్కన అదే పట్టీ మీద కూర్చుంటుంది, వోల్టేజి ఎంతుందో అంకెల్లో చూపిస్తూ ఉంటుంది. పైన ఇంత, కింద ఇంత అని మనం పెట్టిన హద్దు దాటగానే ఇల్లంతటికీ కరెంటు ఆపేస్తుంది. మళ్ళీ సరయ్యాక, కాసేపు ఆగి చూసి ఇస్తుంది. నాది పైన 265, కింద 170 పెట్టాను. 2,000 లోపే పడింది. న్యూట్రల్ తెగినప్పుడు కాపాడేది ఇదే. కొనేటప్పుడు మీ మెయిన్ ఎన్ని ఆంపియర్లో చూసి దానికి తగ్గది తీసుకోండి, 40 ఆంపియర్లా, 63 ఆంపియర్లా అని. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్నవాళ్ళకి త్రీ ఫేజ్ మోడల్ వేరే ఉంటుంది. మీ బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే సంతోషం, కానీ అది మనుషులకి షాక్ కొట్టకుండా కాపాడేది. ఎక్కువ వోల్టేజిని ఆపదు. ఆ రెండిటినీ కలిపి చూడొద్దు.

రెండోది, దాని పక్కనే టైప్ 2 సర్జ్ ప్రొటెక్షన్ డివైస్, ఎస్‌పీడీ అంటారు. దీంట్లోనూ ఉండేది ఎంఓవీలే, కానీ పెద్దవి. పాడైతే బయటి కిటికీ రంగు మారుతుంది. పెట్టేవాళ్ళకి ఒక మాట చెప్పండి, దాని వైర్లు అన్నీ కలిపి అర మీటరు దాటకుండా పొట్టిగా ఉండాలని. మా ఎలక్ట్రీషియన్ అందంగా ఉంటుందని బోర్డు చుట్టూ తిప్పబోయాడు. వైరు పొడుగైన కొద్దీ సర్జ్ సమయంలో దాని మీద వోల్టేజి పెరిగిపోతుంది, మీ పరికరం దాకా వచ్చేస్తుంది.

ఈ రెండూ అయ్యాకే టీవీ దగ్గర పెట్టే డబ్బా. అక్కడ నేను మామూలు సర్జ్ ప్రొటెక్టర్ బోర్డు ఒకటి పెట్టాను. థర్మల్ రక్షణ ఉంది, ప్రొటెక్టెడ్ లైటు ఉంది. 2,500 దాటలేదు.

స్టెబిలైజర్ కావాలా అంటే, మీ పరికరాల వెనక స్టిక్కర్ చదవండి. చాలా టీవీల మీద 100-240 అని ఉంటుంది. అంటే వోల్టేజి 150కి పడిపోయినా టీవీకి నష్టం లేదు. లో వోల్టేజి కోసం టీవీకి స్టెబిలైజర్ దండగ. రిసీవర్, సబ్‌వూఫర్ అలా కాదు. చాలా రిసీవర్ల మీద ఉత్త 230 అని ఉంటుంది, లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వేసవి సాయంత్రాలు మీ ఊళ్ళో 180కి పడిపోతుంటే, గట్టి సీన్లలో ఊపిరందదు, కొన్నిసార్లు ప్రొటెక్ట్ అని ఆగిపోతుంది. వాటికి స్టెబిలైజర్ పెట్టండి. హై వోల్టేజి కటాఫ్ ఉందో లేదో అడిగి మరీ కొనండి.

ఎంత సైజు? టీవీ 150 వాట్లు, రిసీవర్ స్టిక్కర్ మీద 450, సబ్‌వూఫర్ 150, సెట్ టాప్ బాక్స్ 15 అనుకుందాం. 765. పవర్ ఫ్యాక్టర్ 0.8 వేసుకుంటే 956 వీఏ. ఇంకో పాతిక శాతం కలుపుకుంటే 1,200 వీఏ. నిజానికి సినిమా నడుస్తున్నప్పుడు ఇందులో సగం కూడా తాగదు. కాబట్టి 3 కేవీఏ సెర్వో అంటగట్టబోయేవాళ్ళకి ఈ లెక్క చూపించండి. రిలే రకం వాటిలో వోల్టేజి మారినప్పుడల్లా టక్‌టక్ మని శబ్దం వస్తుంది. సినిమాలో నిశ్శబ్దంగా ఉండే సీన్లో అది వింటే ఒళ్ళు మండుతుంది, అది మాత్రం ఓర్చుకోవాలి, లేదా కాస్త దూరంగా పెట్టుకోవాలి.

యూపీఎస్ అవసరమయ్యేది ముఖ్యంగా ల్యాంపు ఉన్న ప్రొజెక్టర్‌కి. కరెంటు టక్కున పోతే ఫ్యాను ఆగి, లోపలి వేడికి ల్యాంపు ఆయుష్షు తగ్గుతుంది. ఫ్యాను చల్లబరిచే ఆ రెండు మూడు నిమిషాలు అది నడిపితే చాలు. ఇంటి ఇన్వర్టర్ మీద హోం థియేటర్ నడిపేవాళ్ళు అది స్క్వేర్ వేవా, ప్యూర్ సైన్ వేవా చూసుకోండి. స్క్వేర్ వేవ్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్లు గుర్రుమంటాయి, వేడెక్కుతాయి.

ఇవన్నీ చేశాక కూడా ఒక దొడ్డిదారి మిగిలిపోతుంది. మా బాబాయ్ వాళ్ళింట్లో ఎర్తు ఉంది, సర్జ్ బోర్డు ఉంది, అన్నీ ఉన్నాయి. ఊరి చివర పిడుగు పడ్డ రోజున సెట్ టాప్ బాక్స్, టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు రెండూ పోయాయి. కరెంటు వైపు నుంచి ఏమీ రాలేదు. డాబా మీద డిష్ ఉంది కదా, దాని తీగ తిన్నగా లోపలికి తెచ్చేసింది. ఇంటర్నెట్ ఫైబర్ అయితే ఆ భయం తక్కువ, గాజు తీగలో కరెంటు పారదు. డిష్ తీగ, పాత కేబుల్ తీగ, డాబా మీద సీసీ కెమెరా నుంచి వచ్చే ల్యాన్ తీగ, ఇవన్నీ దారులే. ఉరుములు మొదలవగానే ప్లగ్గుతో పాటు డిష్ తీగ కూడా ఊడదీయండి. మా అమ్మ ఇప్పుడు మబ్బు పడితే చాలు రెండూ పీకేస్తుంది. నాన్న క్రికెట్ మ్యాచ్ మధ్యలో ఉన్నా సరే.

ఇక ఆ కరీంనగర్ తమ్ముడికి. తమ్మీ, 18 వేలు ఇప్పుడే పెట్టకు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ మూడు రీడింగులు తీయించు. కిరాయి ఇల్లయితే ఓనర్‌తో మాట్లాడు, ఎర్తు వైరు, మెయిన్‌లో కటాఫ్ రెండూ కలిపి వాళ్ళకీ పెద్ద ఖర్చు కాదు. ఓనర్ ఒప్పుకోకపోతే హై వోల్టేజి కటాఫ్ ఉన్న స్టెబిలైజర్ ఒకటి నువ్వే కొనుక్కుని టీవీ, రిసీవర్, సబ్‌వూఫర్ మొత్తం దాని వెనకే పెట్టుకో, ఇల్లు మారినప్పుడు తీసుకెళ్ళొచ్చు. ఆ డబ్బా ఏదైనా సరే, కర్టెన్‌కి దూరంగా, చెక్క మీద కాకుండా, గాలి ఆడే చోట పెట్టు. మూడు రీడింగులూ రాసి నాకు పంపు, వచ్చే ఎపిసోడ్ రికార్డు చేసేలోపు చూసి చెప్తాను.

మా ఇంట్లో టీవీకి పవర్ బోర్డు మార్చారు, 6,500 అయింది. రిసీవర్ ఇంకా రిపేర్ షాపులోనే ఉంది, స్పేర్ రావాలట.